యంత్రాల జాబితాలో అక్క

కాపలామ్మ కంప్యూటరు తెర ముందు కూర్చుని లేవలేకపోయిన చోట మనం ఆగాం. ఆసుపత్రి ల్యాబు రిపోర్టులన్నిటికీ దొంగలెవరో డబ్బు కోసం బయటినుంచి తాళం వేసి వారం దాటింది. వాళ్ళ అడుగుల వెంట వెనక్కి నడిచి నడిచి ఆమె చివరికి వాళ్ళు లోపలికొచ్చిన గుమ్మం దగ్గరికి చేరింది. ఆ గుమ్మం ఒక పాత ఎకౌంటు. దానిమీద పేరు లేదు, ఉద్యోగి నెంబరు ఒక్కటే ఉంది. ఆ నెంబరు ఎవరిదా అని వెతికితే వచ్చిన పేరు ఆమె సొంత అక్కది. ల్యాబుకి పెద్దగా పనిచేసిన అక్క పోయి మూడేళ్ళవుతోంది.

చనిపోయిన మనిషి లాగిన్ అవడమేమిటి? మీకే కాదు, ఆమెకీ అదే అనిపించింది. మొదట ఒళ్ళు జలదరించింది, తర్వాత కోపం వచ్చింది. ఆ కోపం దిగేసరికి కళ్ళు మసకబారి తెరమీద అక్షరాలు కనబడలేదు. కొంగుతో తుడుచుకుని మళ్ళీ చూసింది. అదే పేరు.

చేయాల్సిన పని ఆమెకి తెలుసు. ఆ ఎకౌంటుని అక్కడికక్కడ మూసేయాలి. ఇంకొకరెవరైనా ఇలాంటి గుమ్మం చూసి ఒక్క నిమిషం ఆగితే ఆమే చీల్చి చెండాడేది. కానీ వేలు ఆ మీట దాకా వెళ్ళి ఆగిపోయింది. మూయలేదు, గొళ్ళెం మాత్రం పెట్టింది. అంటే ఇకమీదట ఆ ఎకౌంటులోకి పాస్‌వర్డ్ ఒక్కటీ ఉంటే సరిపోదు. అక్క ఫోను ఎవరి చేతిలో ఉందో వాళ్ళు అందులో ‘అవును, నేనే’ అని నొక్కితేనే తలుపు తెరుచుకుంటుంది. దొంగల దగ్గర పాస్‌వర్డ్ ఉందేమో గాని ఫోను ఉండదు. గొళ్ళెం పడగానే, ‘మీ ఎకౌంటుకి కొత్త తనిఖీ పెట్టాం, సాయంత్రంలోగా మీరెవరో చెప్పకపోతే మూతపడుతుంది’ అని దానంతటదే ఒక మెయిల్ అక్క పేరుకి వెళ్ళింది. ఆ మెయిల్ సంగతి ఆమె అప్పుడు పట్టించుకోలేదు.

కాపలామ్మ అన్నది అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదని వేరే చెప్పక్కర్లేదు. నర్సులు పెట్టారు, క్యాంటీనువాళ్ళు ఖాయం చేశారు. ఆమె రాకముందు ఆ ఆసుపత్రి కంప్యూటర్లు ఎలా ఉండేవంటే, పెద్దగేటు దాటితే చాలు, వంటింటినుంచి పడకగది దాకా ఇల్లంతా మనదే. ఆమె వచ్చి గదిగదికీ తాళం పెట్టింది. ఎవర్నీ ఊరికే నమ్మేది లేదు, ఎవరి పనికి ఎంత కావాలో అన్ని తాళంచెవులే, అవి కూడా తెరిచిన ప్రతిసారీ నువ్వెవరని అడిగాకే. మేనేజరైనా ఒకటే, మేనమామైనా ఒకటే. మొదటి వారంలోనే పెద్ద డాక్టరు బయట ఇరుక్కుపోయి, “నా ఆసుపత్రిలో నన్నే ఎవరని అడుగుతావా?” అని కేకలేశాడు. “అడిగింది నేను కాదండీ, తలుపు,” అంది ఈమె, నవ్వకుండా. ఆ మాట క్యాంటీనులో నెల్లాళ్ళు తిరిగింది.

అంత కట్టుదిట్టం చేసిన మనిషి ఇంట్లోంచే దొంగ వచ్చాడు. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడని ఊరికే అన్నారా!

మెట్లు దిగుతుంటే ల్యాబు ముందు బెంచీ మీద దర్జీ కూర్చుని ఉన్నాడు. రోజూ కూర్చుంటున్నాడు. భార్య గొంతులో గడ్డనుంచి చిన్న ముక్క కోసి పరీక్షకి పంపారు, ఆ రిపోర్టు తాళం వెనకాల పడింది. అది తేలితే గాని ఆపరేషను చేయరు. మళ్ళీ కోసి మళ్ళీ పరీక్ష చేద్దామంటే, ఆవిడ నా వల్ల కాదని రెండు చేతులూ జోడించిందట.

“ఇవాళైనా తెరుచుకుంటుందామ్మా?” అన్నాడు లేచి నిలబడి.

“చూస్తున్నాం బాబాయ్. కూర్చోండి.”

“చేసినవాడెవడో దొరికాడా?”

“దొరుకుతాడు,” అని గబగబా దిగిపోయింది. సాయంత్రం కమిటీ ముందు పెద్ద డాక్టరుకి ఒక పేరు చెప్పాలి. గుమ్మం తెరిచింది ఎవరు? ఆ ఒక్క ప్రశ్నకి జవాబు.

అక్క భర్త, ఆమె బావగారి గది భవనం అడుగున ఉంటుంది. ఎండాకాలంలో కూడా స్వెట్టరు వేసుకునే గది అది. సర్వర్లు వరసగా నిలబడి ఆగకుండా హోరుమంటూ ఉంటాయి. ఆ వైర్లన్నీ ఆయన చేత్తో లాగినవే. ఏ వైరు ఎక్కడ మొదలై ఎక్కడ తేలుతుందో కళ్ళు మూసుకుని చెబుతాడు, అందుకే అందరూ ఆయన్ని మేస్త్రి అంటారు. బల్లమీద మూత తీయని క్యారేజీ, పక్కన మాత్రల పట్టీ, మంచినీళ్ళ సీసా. మధ్యాహ్నం భోజనవేళ కావస్తోంది. వారంనుంచి ఇంటికెళ్ళకుండా అక్కడే పడుకుంటున్నాడేమో, గడ్డం మాసి ఉంది.

“రా అమ్మా. తలుపేసెయ్, చలి బయటికి పోతుంది.”

తలుపు వేసి ఎదురుగా కూర్చుంది. నెంబరు రాసిన చీటీ బల్లమీద ఆయనవైపు తోసింది.

“ఇది ఎవరిదో చెప్పండి బావా.”

ఆయన చీటీ చూశాడు. కళ్ళజోడు తీసి స్వెట్టరు అంచుతో తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు. “తెలిసే అడుగుతున్నావుగా.”

“మీ నోటితో వినాలి.”

“మీ అక్కది.”

“దొంగలు దీంట్లోంచే వచ్చారు.”

మేస్త్రి చెయ్యి సీసా మీదికి వెళ్ళింది. తాగలేదు, పట్టుకుని ఊరుకున్నాడు. “అనుకున్నాను,” అన్నాడు. “రెండ్రోజుల్నుంచీ అనుకుంటూనే ఉన్నాను. వెతికి చూసే ధైర్యం లేకపోయింది.”

“మూడేళ్ళ కిందట మూసేయాల్సిన ఎకౌంటు ఇది! సరే, అప్పుడు మీ చేత కాలేదు, అర్థం చేసుకోగలను. మరి నేనొచ్చాక? నేను పెట్టిన రూలులో ఎలా మిగిలింది?” ఆమె గొంతు పెరిగింది. “యంత్రాల జాబితాలో పెట్టారు బావా మీరు! రక్తం మిషను, ఎక్స్‌రే మిషను, మందుల ఫ్రిజ్జు... వాటి పక్కన మా అక్కని పెట్టారు!”

ఆ జాబితా సంగతి చెప్పాలి. ఆసుపత్రిలో కొన్ని పాత మిషన్లు ఉన్నాయి. అవీ కంప్యూటర్లలోకి లాగిన్ అవుతాయి, రీడింగులు పంపుతాయి. కానీ నువ్వెవరని అడిగితే జవాబు చెప్పే తెలివి వాటికి లేదు. అందుకని వాటికి మినహాయింపు ఇవ్వాల్సి వచ్చింది. ఏవేవి మిషన్లో మేస్త్రికి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు గనక జాబితా ఆయనే తయారుచేశాడు.

“నీ రూలేమందీ?” అన్నాడాయన, నేలకేసి చూస్తూ. “మనిషన్నవాడు అప్పుడప్పుడు వచ్చి, నేనే, ఉన్నాను అని చెప్పాలి. చెప్పకపోతే మూసేస్తాం అంది. మీ అక్క వచ్చి చెప్పదుగా. మిషనయితే చెప్పక్కర్లేదు. ఎవరూ ఏమీ అడగరు. దాని మానాన అది ఉంటుంది.”

ఆమె చీటీని వెనక్కి తీసుకుని మడిచింది.

“ఆ జాబితా కింద సంతకం నాది,” అంది మెల్లగా.

“నువ్వు చదవలేదుగా.”

“చదవలేదు. మీరిచ్చారుగా అని పెట్టేశాను.”

ఊళ్ళో అందర్నీ ఎవరు నువ్వు, ఎవరు నువ్వు అని అడిగిన మనిషి, సొంత బావ తెచ్చిన కాగితాన్ని అడగలేదు. ఆ ఒక్క కాగితం. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేక సర్వర్ల వైపు చూశారు. అవి హోరుమంటూనే ఉన్నాయి.

“ఎందుకు బావా?” అంది చివరికి. “ఏముంది అందులో? ఫొటోలా? ఉత్తరాలా? ఒక కాపీ తీసి మీకు ఇచ్చేదాన్నిగా!”

మేస్త్రి తన ఫోను తీసి ఆమె ముందు పెట్టాడు. ఆఫీసు మెసేజీలు వచ్చే చోటు అది. అవి వేరే సర్వర్లో ఉండబట్టి దొంగల చేతికి చిక్కకుండా బతికిపోయాయి. పైన అక్క పేరు ఉంది. కింద రోజుకొకటి చొప్పున, వేలితో ఎంత జరిపినా తరగకుండా, అవే మాటలు.

‘ఏమండీ, తిన్నారా? తిన్నాకే మాత్ర.’

‘ఏమండీ, తిన్నారా? తిన్నాకే మాత్ర.’

“నాకు గుండెకి స్టెంటు వేశారుగా. అప్పుడు పెట్టింది,” అన్నాడు. “నేను ఈ గదిలో పడితే తిండీ నీళ్ళూ మర్చిపోతానని. రోజూ భోజనవేళకి దానంతటదే వచ్చేలా పెట్టుకుంది. నవ్వేవాణ్ణి. నీ మొగుడు చంటిపిల్లాడా అని. తర్వాత ఆరు నెలలకే తను... ఇది మాత్రం మానలేదమ్మా. కర్మకాండ అయిన రోజు కూడా వచ్చింది. ఇది వస్తే క్యారేజీ తీస్తాను. తింటాను. ఎకౌంటు మూసేస్తే ఇది రాదు. అంతే. ఇంకేం లేదు అందులో.”

ఆయన ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. కాపలామ్మ ఆ మెసేజీల్ని పైకీ కిందికీ జరుపుతూ కూర్చుంది. అక్క ఎప్పుడూ అంతే, పెద్ద పెద్ద మాటలుండవు. తనని చదివించినప్పుడు కూడా ‘తిన్నావా’ తప్ప ఇంకేం అడగలేదు. చూస్తూ చూస్తూ ఉండగా ఆమెలోని రెండో మనిషి, ఆ అనుమానం మనిషి, ఒళ్ళు విరుచుకుని లేచింది. ఉద్యోగం మనిషిని ఊరికే వదలదు కదా.

“బావా,” అంది. “దానంతటదే వచ్చే మెసేజ్ మన దగ్గర ఏడాదికి మించి నడవదు. ఏడాది కాగానే ఆగిపోతుంది, మళ్ళీ ఎవరైనా కొత్తగా పెట్టాలి. మీకు తెలుసు. ఆ సర్వర్ పెట్టింది మీరే.”

మేస్త్రి మాత్రల పట్టీ చేతిలోకి తీసుకున్నాడు.

“అక్క పెట్టింది ఎప్పుడో ఆగిపోయింది. ఇవి ఎవరో రోజూ టైపు చేసి పంపుతున్నవి. రెండేళ్ళకి పైగా.” ఆమె తన ల్యాప్‌టాప్ తెరిచి ఆయనవైపు తిప్పింది. “చూడండి. ఆ ఎకౌంటులోకి ఇద్దరు వస్తున్నారు. ఒకరు రోజూ భోజనవేళకి వస్తారు, ఒక్క మెసేజ్ పంపుతారు, ఏమైనా మెయిలుంటే చూసి వెళ్ళిపోతారు. ఇంకొకరు ఈ మధ్యే వచ్చారు, నేరుగా ల్యాబులోకి పోయారు. ఆ రెండోవాళ్ళకి తాళంచెవి ఎలా దొరికిందో కూడా ఉంది. దొంగలు ఒక దొంగ మెయిల్ పంపారు. ‘మీ ఎకౌంటు మూతపడబోతోంది, వెంటనే పాస్‌వర్డ్ కొట్టి నిలబెట్టుకోండి’ అని. అలాంటివి వందమందికి పంపుతారు, ఎవరో ఒకరు పడతారని. ఆ రోజు భోజనవేళకి ఎవరో ఆ మెయిల్ తెరిచారు. లింకు నొక్కారు. పాస్‌వర్డ్ కొట్టేశారు.”

“నేను కాదు,” అన్నాడు మేస్త్రి.

“బావా!”

“నేను కాదమ్మా. తన ఉత్తరాలు తను బతికుండగానే నేనెప్పుడూ తెరవలేదు. పోయాక తెరుస్తానా?”

“మరి ఈ మెసేజీలు? మీకు మీరే పంపుకుంటున్నారేమో అనుకున్నాను.”

“ఛ! పిచ్చివాణ్ణా నేను?” అని, ఆగి, చిన్నగా అన్నాడు. “మారాయని నాకు తెలుసు. ఒకసారి జ్వరంతో పనిచేస్తుంటే ‘వేణ్ణీళ్ళు తాగండి’ అని వచ్చింది. నాకు జ్వరమొస్తుందని మీ అక్క ముందే రాసిపెట్టదుగా. ఆ రోజే తెలిసింది, ఎవరో ఉన్నారని.”

“తెలిసీ చూడలేదా? ఒక్క నిమిషం పని మీకు!”

“చూస్తే తెలిసిపోతుంది. తెలిస్తే ఆగిపోతుంది. ఆగిపోతే నేనేం కావాలి?” ఆయన తలెత్తి మొదటిసారి ఆమె కళ్ళలోకి సూటిగా చూశాడు. “అయినా చూడ్డానికేముంది? నాకు తెలుసనే అనుకున్నాను. నాకు జ్వరమొచ్చిందని తెలిసేదెవరికి? మీ అక్క మాట తీరు వచ్చేదెవరికి? చెల్లెలు చేసిన ఉపకారం, చెల్లెలు చెప్పుకోవట్లేదు, మనం అడగడమెందుకని ఊరుకున్నాను. నువ్వు కాదా అమ్మా?”

ఆమె తల అడ్డంగా ఊపింది.

“నువ్వు కాదా?” అన్నాడు మళ్ళీ. ఈసారి ఆ గొంతులో భయం ఉంది.

“నేను కాదు బావా. అక్క పాస్‌వర్డ్ నాకు తెలియదు. అక్క ఎప్పుడూ సొంతంగా పెట్టుకునేది కాదుగా. అన్నీ పిచికే పెట్టిచ్చేది.”

నోరు జారిన తర్వాత గాని తనేం అన్నదో ఆమెకే అర్థం కాలేదు. పిచిక అంటే అక్క కూతురు. పుట్టినప్పుడు పిడికెడంత ఉండేదని అక్క పెట్టిన ముద్దుపేరు. ఇప్పుడు ఊరికి ఆ చివర హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. తండ్రితో మాటల్లేవు. అక్క పైఅంతస్తులో ఆఖరి ఊపిరి తీస్తుంటే, సర్వర్ పడిపోయి ఈయన కింద ఈ గదిలోనే ఉన్నాడు. పిల్ల ఫోను చేస్తే ‘వస్తున్నా, పది నిమిషాలు’ అన్నాడు. ఆ పది నిమిషాల్లో అంతా అయిపోయింది. ‘మీకు అమ్మకంటే మిషన్లే ఎక్కువ’ అని అందరి ముందూ అని పిల్ల వెళ్ళిపోయింది. పండక్కో పబ్బానికో వస్తుంది, పిన్నితో మాట్లాడి వెళుతుంది. ఆయనకి జ్వరమని ఆ పిన్నే చెప్పింది కదూ, ఒకసారి ఫోనులో! మాటల మధ్యలో చెప్పింది, పిల్ల ‘ఓహో’ అని ఊరుకుంది.

“అక్క ఫోనెక్కడుంది బావా?”

“అల్మారాలో. తన బట్టల మధ్య.” ఆయన మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగాడు. “పిచిక వచ్చినప్పుడు ఓసారి అల్మారా తెరిచింది. వాళ్ళమ్మ బట్టలు చూసుకుంటుందేమోలే అని నేను అడగలేదు. తర్వాత నేను తెరవలేదు.”

గోడ గడియారంలో భోజనవేళ దాటబోతోంది. ఎవరూ అనకుండానే ఇద్దరూ ల్యాప్‌టాప్ ముందుకి జరిగారు. కొంచెంసేపు ఏమీ లేదు. కాపలామ్మ మనసులో, రావద్దు తల్లీ, ఇవాళొక్కరోజు రావద్దు అని దండం పెట్టుకుంది. తను పెట్టిన గొళ్ళెమే వచ్చిందెవరో పట్టిస్తుంది, అదే తనకి శత్రువైంది.

తెరమీద ఒక వరుస వెలిగింది. అక్క ఎకౌంటు తలుపు ఎవరో తట్టారు. పాస్‌వర్డ్ సరిపోయింది. ఇప్పుడు తలుపు నువ్వెవరని అడిగింది. ఆ ప్రశ్న అక్క ఫోనుకి వెళ్ళింది. జవాబు కోసం ఒక చిన్న చక్రం తిరుగుతూ ఉంది.

‘అవును, నేనే.’

మేస్త్రి ఫోను బల్లమీద బర్రుమంది.

‘ఏమండీ, తిన్నారా? తిన్నాకే మాత్ర.’

అప్పుడు ఏడ్చాడు మేస్త్రి. చేతుల్లో మొహం పెట్టుకుని, చప్పుడు బయటికి రాకుండా, భుజాలు ఎగిరెగిరిపడేలా ఏడ్చాడు. “నన్ను ఏమండీ అనుకుంటూ... మొహం చూడనంది కదమ్మా... నా మొహం చూడనన్న పిల్ల...” ఆమె లేచి వెళ్ళి ఆయన వీపుమీద చెయ్యి వేసింది. ఆమెకీ ఏడుపొస్తోంది.

కాస్త తెరిపిన పడ్డాక ఆయన మొహం తుడుచుకున్నాడు. “నా పేరు రాసెయ్,” అన్నాడు.

“బావా...”

“తప్పు నాదే కదా. మూయాల్సింది మూయలేదు. జాబితాలో పెట్టింది నేను. లింకు కూడా నేనే నొక్కానని రాసెయ్. ఉద్యోగం పోతుంది, పోతే పోయింది. కేసు పెడితే పెట్టనీ. పిల్ల చదువుకుంటోంది. తన పేరు ఎక్కడా రాకూడదు.”

“లింకు నొక్కింది ఏ ఫోనులోంచో కూడా రికార్డులో ఉంది బావా. మీరు చెప్పినా, నేను రాసినా అబద్ధమని తేలిపోతుంది.”

“తేలకుండా చేయడం నీకు తెలుసు.”

తెలుసు, అదే బాధ. కావాలనుకుంటే ఆ ఒక్క వరుస లేకుండా చేయగలిగిన మనిషి ఆ ఆసుపత్రి మొత్తానికి ఆమె ఒక్కతే. పైన బెంచీ మీద దర్జీ కూర్చుని ఉన్నాడు. ఆయనకి ఆమె బాకీ ఉంది. అక్కకి బాకీ ఉంది. పిచికకి ఇంకా పాతికేళ్ళు రాలేదు. ఎవరి బాకీ ముందు తీర్చాలి?

“ముందు ఆ ఎకౌంటు మూయాలి,” అంది. “మిగతాది తర్వాత. మీరు చూడొద్దు, అటు తిరగండి.”

ఆమె మూసే మీట దగ్గరికి వెళ్ళింది. మేస్త్రి అటు తిరగలేదు. సరిగ్గా అప్పుడే ఆయన ఫోను మళ్ళీ బర్రుమంది.

మూడేళ్ళలో ఎప్పుడూ ఒకే రోజున రెండో మెసేజ్ రాలేదు. ఇద్దరూ ఒకేసారి వంగి చూశారు. అక్క పేరు మీదే వచ్చింది. మాటలు మాత్రం అక్కవి కావు.

‘నాన్నా, నేను. పొద్దున అమ్మకి ఒక మెయిల్ వచ్చింది, మూసేస్తాం అని. ఇదివరకు కూడా అలాంటిదే వచ్చింది. అప్పుడు అమ్మని నిజంగానే మూసేస్తారేమోనని భయమేసి నేను పాస్‌వర్డ్ కొట్టాను. ఇవాళ పేపర్లో మీ ఆసుపత్రి సంగతి చదివాను. నాన్నా, అది నా వల్లేనా?’

కాపలామ్మ మీట మీదనుంచి వేలు తీసేసింది. పిల్ల తన చేతులతో తానే రాసేసింది. ఇక ఏ వరుస తుడిచినా లాభం లేదు, ఇది ఉంది.

మేస్త్రి ఫోను రెండు చేతులతో పట్టుకున్నాడు.

“బావా, జాగ్రత్త. మీరు ఏం రాసినా అది ఉండిపోతుంది. రేపు అందరూ చదువుతారు.”

“చదవనీ,” అన్నాడు. మూడేళ్ళుగా ఆ మెసేజీలకి ఒక్క జవాబు కూడా రాయని మనిషి, చూపుడువేలితో ఒక్కొక్క అక్షరమే వెతుక్కుంటూ రాశాడు. ఆమె ఆయన భుజం మీదుగా చదివింది.

‘ఇంకా తినలేదు. నువ్వు తిన్నావా, పిచికా?’

పంపేసి, క్యారేజీ దగ్గరికి లాక్కుని మూత తీయబోయాడు. అది రాలేదు. ఆమె తీసి పెట్టింది.

మెట్లమీద బూట్ల చప్పుడు వినబడింది. సాయంత్రం దాకా ఆగలేదు, తలుపు తట్టలేదు, తోసుకుని వచ్చాడు పెద్ద డాక్టరు. వెనకాల దర్జీ కూడా ఉన్నాడు, ఎందుకు వచ్చాడో తెలియదు, గుమ్మంలోనే నిలబడిపోయాడు. పెద్ద డాక్టరు ఏడ్చిన మొహాన్నీ, తెరిచిన క్యారేజీనీ, వెలుగుతున్న ల్యాప్‌టాప్‌నీ ఒక్కొక్కటే చూశాడు.

“గుమ్మం తెరిచిందెవరో తెలిసిందా?”

“నేనేనండీ,” అన్నాడు మేస్త్రి లేచి. అన్నం ముద్ద చేతిలో అలాగే ఉంది.

పెద్ద డాక్టరు ఆయన్ని పట్టించుకోలేదు. కాపలామ్మ వైపు తిరిగాడు. బల్లమీద మేస్త్రి ఫోను మళ్ళీ బర్రుమంది. ఎవరూ తీయలేదు.

“ఆయన సంగతి తర్వాత. నువ్వు చెప్పమ్మా,” అన్నాడు. “ల్యాప్‌టాప్‌లో ఉన్నవేవీ నాకు చూపించక్కర్లేదు. నీ నోటితో చెప్పు చాలు. నీ మాట నమ్ముతాను.”